పతకం లేని పడవ

మూడేళ్ల క్రితం ఒక శుక్రవారం, జుమా నమాజు ముగిసిన తర్వాత, ధర్మవరం నుంచి ఒక పెద్దాయన హిందూపురంలోని మా మదరసాకు వచ్చారు. మగ్గం నేసి కుటుంబాన్ని పోషించినవారు. ఆయన కుమారుడు చిన్నతనంలో మా వద్ద చదువుకున్నాడు. ఇప్పుడు హైదరాబాదులో ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు రాసే ఉద్యోగం చేస్తున్నాడు. నెలనెలా ఇంటికి డబ్బు పంపుతున్నాడు. చెడు స్నేహాలు లేవు, చెడు అలవాట్లు లేవు. అయినా తండ్రి ముఖంలో దిగులు కనిపించింది. మంచినీళ్లు ఇచ్చి, కూర్చోబెట్టి, విషయమేమిటని అడిగాము.

"సాబ్, వాడు తెల్లారుజామునే లేసి చెరువులో పడవ తోలుతాడంట. ఏడేండ్లాయ. ఇంతవరకు ఒక్క కప్పు గూడా తేలేదు. పైగా దానికి వాడే నెలనెలా దుడ్డు గడతాడంట. దుడ్డిచ్చి కూలి చేసేవాన్ని యాడన్నా చూసినారా మీరు? నా మాట వినడు. మీరన్నా జెప్పండి వానికి."

ఆ మాటలో న్యాయం ఉన్నట్టే మాకు తోచింది. ఆ రాత్రే ఫోను చేసి ఆ యువకుణ్ణి మందలించాము. కాలం అల్లాహ్ మనకప్పగించిన సొమ్మని, దానికి లెక్క చెప్పవలసి ఉంటుందని గుర్తుచేశాము. వయసు ముప్పైకి చేరువవుతున్నదని, ఇంట్లో పెళ్లి కావలసిన చెల్లెలు ఉన్నదని చెప్పాము. అతడు మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. మా మాటలు ముగిసిన తర్వాత ఇంతే అన్నాడు: "హజ్రత్, మీరు మానేయమంటే మానేస్తాను. కానీ మానేసే ముందు ఒక్కసారి వచ్చి చూడండి."

ఫోను పెట్టేసిన తర్వాత మా మనసు స్థిమితపడలేదు. చూడని విషయంపై తీర్పు చెప్పామన్న శంక మిగిలింది. సాక్ష్యం వినకుండా తీర్పు చెప్పకూడదని పిల్లలకు ఏళ్ల తరబడి పాఠం చెప్పిన నోటితోనే మేము ఆ పని చేశాము.

నీళ్లు లేని సీమలో నీటి ఆట

మన ప్రాంతంలో పడవ పందెమంటే నవ్వు రావడం సహజమే. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లాగా ఏర్పడిన ఈ హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సీమ దేశంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాలలో ఒకటి. హిందూపురం పక్కన పారే పెన్నలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే కనబడుతుంది. చిత్రావతి కథా అంతే. మా చిన్నతనంలో తోటల్లో మోటబావులు ఉండేవి. వాటిలో దూకి, ఎండిన సొరకాయ బుర్రలు నడుముకు కట్టుకొని ఈత నేర్చుకున్నాము. బోర్లు వచ్చిన తర్వాత బావులు ఎండిపోయాయి. బావులతోపాటు ఈత కూడా పోయింది. నేడు మా తరగతిలో కూర్చునే పిల్లలలో ఈత వచ్చినవారిని వేళ్లమీద లెక్కపెట్టవచ్చు.

నీటి భయం లేనంత మాత్రాన నీటి ప్రమాదం లేదని కాదు. 2021 నవంబరులో చిత్రావతికి ఒక్కసారిగా వరద వచ్చినప్పుడు చెన్నేకొత్తపల్లి మండలంలో పదిమంది నది మధ్యలో చిక్కుకుపోగా వాయుసేన హెలికాప్టరు వచ్చి వారిని కాపాడవలసి వచ్చింది. ఇప్పుడు హంద్రీ–నీవా కాలువ ద్వారా పెనుకొండ దాపున ఉన్న గొల్లపల్లి జలాశయానికి కృష్ణా జలాలు చేరుతున్నాయి. నీళ్లు వచ్చాయి గాని, నీటితో మెలిగే విద్య మన ఇళ్లకు తిరిగి రాలేదు. ఏ ఊరి చెరువు నిండినా ఆ ఏడు మునిగిపోయిన పిల్లల వార్త ఒకటైనా చెవిన పడుతూనే ఉంటుంది.

అందువల్ల మన సీమ పిల్లవాడు పడవ పందెం నేర్వాలంటే దూరం పోవలసిందే. మా విద్యార్థి పోయింది హుస్సేన్ సాగర్‌కు. ఆ చెరువు చరిత్ర మన పాఠకులకు కొత్త కాదు. తెలుగు కవులు మల్కిభరాముడని ప్రేమతో పిలుచుకున్న ఇబ్రహీం కుతుబ్ షా ఏలుబడిలో, 1562 ప్రాంతంలో, హజ్రత్ హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో అది నిర్మితమైంది. జనానికి తాగునీరు అందించడం దాని ఉద్దేశం. ఆ తర్వాత మూడేళ్లకే, 1565లో తళ్లికోట యుద్ధం జరిగింది. విజయనగర రాజధాని మన పెనుకొండకు తరలివచ్చింది. ఆనాడు దక్కను పటాన్ని మార్చిన యుద్ధంలో ఎదురెదురుగా నిలిచినవారి ఊళ్లు రెండూ ఇప్పుడు ఒక నేతగాని కొడుకు ప్రయాణంలో మజిలీలు. ధర్మవరంలో రైలెక్కి, తెల్లవారేసరికి హైదరాబాదు చేరే వేలమందిలో అతడూ ఒకడు.

ఆ ఉదయం చూసినది

మదరసా పనిమీద రెండు నెలల తర్వాత మేము హైదరాబాదు వెళ్లాము. రెండోరోజు చెరువుకు సమీపంలోని మసీదులో ఫజ్ర్ నమాజు చదివాము. జమాతులో మొదటి సఫ్‌లోనే మా విద్యార్థి కనబడ్డాడు. నమాజు తర్వాత సలాం చేసి, మాట్లాడకుండా దారి చూపుతూ ముందు నడిచాడు.

ఇంకా పూర్తిగా వెలుగు రాలేదు. నీటి వాసన అంత బాగుండలేదన్నది దాచవలసిన పని లేదు. మహానగరపు మురుగును ఆ చెరువు దశాబ్దాలుగా మోస్తున్నది. ఒడ్డున ఒక షెడ్డు. అందులో కొయ్య చట్రాలమీద వరుసలుగా బోర్లించిన పొడవైన పడవలు. ఎనిమిదిమంది ఒక పడవ కిందికి దూరారు. ఒకడు గొంతెత్తి మాట చెప్పగానే అందరూ ఒకేసారి దానిని భుజాలకెత్తారు. జనాజాను మోసేటప్పుడు అడుగులు కలిపినట్టే జాగ్రత్తగా నడిచి, నీటి అంచున తిప్పి, చప్పుడు కాకుండా దింపారు. ఆ ఎనిమిదిమందిలో ఒక బ్యాంకు గుమాస్తా, ఒక కళాశాల అధ్యాపకుడు, మోటారు మెకానిక్ ఒకడు, ఇద్దరు విద్యార్థులు ఉన్నారు. మతాలు వేరు, భాషలు వేరు. శిక్షణ ఇచ్చే ఆయన సైన్యంలో పనిచేసి విరమించినవారు.

వారు నీటిమీదికి వెళ్లిన తర్వాత మేము గంటన్నర ఒడ్డున కూర్చున్నాము. చప్పట్లు కొట్టేవారు లేరు. ఫొటోలు తీసేవారు లేరు. ఒక టీ బండివాడు, గడ్డి ఏరుకొనే కొంగలు, మేము. పడవ దూరంగా వెళ్లి చిన్న గీతలా మారేది, మళ్లీ తిరిగి వచ్చేది. ప్రతిసారి ఒడ్డునుంచి శిక్షకుడు ఏదో ఒక లోపం చెప్పేవారు. వారు తల ఊపి మళ్లీ మొదలుపెట్టేవారు. ఏడున్నరకు ఒడ్డుకు చేరారు. పడవను కడిగి, పొడి గుడ్డతో తుడిచి, చట్రంమీద పెట్టారు. తొమ్మిది గంటలకు ఎవరి ఉద్యోగానికి వారు వెళ్లారు. వారానికి ఐదారు రోజులు, ఏడేళ్లుగా ఇదే.

మా విద్యార్థి అరచేతులు చూపించమన్నాము. వేళ్ల మొదళ్లలో కాయలు కాచి, చర్మం గట్టిపడి ఉంది. అలాంటి చేతులను మేము ఇంతకుముందు ఎక్కడ చూశామో గుర్తుచేసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. రెండు నెలల క్రితం మా ఎదుట కూర్చున్న ఆయన తండ్రి చేతులు అవే.

తెడ్డు వేయడంలో ఉన్న విద్య

ఈ ఆటను ఇంగ్లీషులో రోయింగ్ అంటారు. చూడటానికి చేతుల పనిలా ఉంటుంది గాని, బలంలో అధిక భాగం కాళ్లది. కూర్చునే పీట కింద చిన్న చక్రాలు ఉంటాయి. అది పట్టాలమీద ముందుకూ వెనక్కూ జారుతుంది. పాదాలను ఎదురుగా ఉన్న పలకకు బిగిస్తారు. మోకాళ్లు ముడిచి ముందుకు జారి తెడ్డును నీటిలో ముంచుతారు. కాళ్లతో పలకను తన్ని, నడుమును వెనక్కి వాల్చి, చివరకు చేతులతో పిడిని పొట్టదాకా లాగుతారు. తెడ్డును పైకి తీసి మెల్లగా మళ్లీ ముందుకు జారుతారు. సాధనలో నిమిషానికి ఇరవై సార్లు, పందెంలో ముప్పై అయిదు సార్లు లేదా ఇంకా ఎక్కువ ఇలా చేయాలి.

అంతర్జాతీయ పందెం దూరం 2000 మీటర్లు. ఎనిమిదిమంది తోలే పడవ పదిహేడు మీటర్లకు పైగా పొడవుంటుంది, వెడల్పు రెండడుగులు కూడా ఉండదు. నిబంధనల ప్రకారం దాని బరువు 96 కిలోలకు తగ్గరాదు. ఒక్కడే తోలే పడవ 14 కిలోలు ఉంటే చాలు. ప్రపంచస్థాయి పురుషుల జట్లు ఎనిమిదిమంది పడవలో ఈ దూరాన్ని అయిదున్నర నిమిషాలలో ముగిస్తాయి. ఒంటరివానికి ఆరున్నర నుంచి ఏడు నిమిషాలు పడుతుంది. అంటే అయిదారు నిమిషాల పని కోసం ఏడాది పొడవునా సాధన.

మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి వేరొకటి. ఎనిమిదిమందీ గమ్యానికి వీపు తిప్పి కూర్చుంటారు. తాము పోయే దిక్కు వారికి కనబడదు, వదలివచ్చిన దారి మాత్రమే కనబడుతుంది. ముందుకు చూసేవాడు ఒక్కడే, చుక్కాని పట్టేవాడు. అతడు తెడ్డు వేయడు, మాట చెబుతాడు. అతని మాటపై నమ్మకం లేనివాడు ఆ పడవలో కూర్చోలేడు. ఎనిమిదిమందిలో అతనికి ఎదురుగా ఉండేవాడు లయ నిర్ణయిస్తాడు. మిగిలిన ఏడుగురూ ఆ లయకు కట్టుబడాలి. ఒకని తెడ్డు రెప్పపాటు ఆలస్యమైతే పడవ ఒరుగుతుంది. తెడ్డు నీటిలో అడ్డంగా ఇరుక్కుపోయి పిడి వచ్చి రొమ్మును తాకడం కూడా ఉంటుంది. దానిని ఎండ్రకాయ పట్టడమని వారు హాస్యానికి అంటారట. వీరుడొకడు తన బలమంతా చూపించాలని తొందరపడితే పడవ వేగం పెరగదు, తగ్గుతుంది. భుజం భుజం కలిపి ఒకే ఇమాము వెనుక నిలబడే అలవాటున్న మనకు ఇది సులభంగా అర్థమవుతుంది.

పడవ గురించి కూడా ఒక మాట. ఎనిమిదిమంది పడవ ఎంతో ఖరీదైనది. సామాన్య ఉద్యోగి సొంతంగా కొనలేడు. క్లబ్బు కొని ఉంచుతుంది, సభ్యులు చందా కట్టి వాడుకుంటారు. ఎవరో తుడిచి పెట్టిన పడవను నేడు ఇతడు ఎక్కుతాడు. ఇతడు తుడిచి పెట్టినదానిని రేపు మరొకరు ఎక్కుతారు. వక్ఫ్ ఆస్తిని ఎలా చూసుకోవాలని మేము పిల్లలకు చెబుతామో అలాగే వారు దానిని చూసుకోవడం గమనించాము. మన వక్ఫ్ స్థలాల స్థితి గుర్తొచ్చి కొంత సిగ్గుపడ్డాము కూడా.

"ఏడేళ్లలో ఏమి సాధించావు నాయనా?" అని అడిగాము. ఒక పందెంలో ఆరు పడవలలో తమది అయిదవదిగా వచ్చిందని, అదే తమ జట్టుకు పెద్ద పందెమని చెప్పాడు. కాసేపు ఆగి, "నిరుటికంటే పదకొండు సెకన్లు తగ్గింది, హజ్రత్" అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు అతని ముఖంలో వెలుగు, పూర్వం ఖుర్ఆన్‌లో ఒక సూరా తప్పు లేకుండా ఒప్పజెప్పిన రోజున చూసిన వెలుగే.

చేతిపని చేసేవారికి మూసిన తలుపు

జీతం కోసం కాక, ఇష్టంతో ఆడేవానిని ఇంగ్లీషులో అమెచ్యూర్ అంటారు. లాటిన్ భాషలో ప్రేమించేవాడు అనే అర్థమున్న మాటనుంచి అది వచ్చింది. మనం ఔత్సాహికుడంటాము. వినడానికి ఎంతో అందమైన మాట. కానీ ఈ పడవల ఆటలోనే ఆ మాటను ఒకనాడు గోడగా నిలబెట్టారు. ఆ చరిత్ర మన నేతగాళ్ల కుటుంబాలు తెలుసుకోదగినది.

ఇంగ్లండులో థేమ్స్ నదిమీద హెన్లీ అనే ఊరిలో 1839 నుంచి ప్రసిద్ధమైన పడవ పందేలు జరుగుతున్నాయి. 1879లో దాని నిర్వాహకులు ఔత్సాహికుడంటే ఎవరో నిర్వచించారు. డబ్బు కోసం పందెమాడినవాడు కాకూడదన్నారు. అంతవరకు సబబే. దానితో ఆగలేదు. యంత్రపు పనివాడు, చేతివృత్తివాడు, కూలివాడు ఎవరూ ఔత్సాహికుడు కాలేరన్నారు. చేతులతో బతికేవానికి బలం ఎక్కువ ఉంటుంది గనుక పెద్దమనుషులతో సమానంగా పోటీ చేయడం అన్యాయమని వారి వాదన. అసలు సంగతి, కూలివానితో ఒకే నీటిమీద ఓడిపోవడం వారికి ఇష్టం లేకపోవడం. శ్రామికులను కూడా చేర్చుకొనే వేరొక సంఘం 1890లో ఏర్పడవలసి వచ్చింది.

1920లో అమెరికానుంచి జాన్ కెల్లీ అనే యువకుడు హెన్లీలో ఒంటరి పడవల పోటీకి దరఖాస్తు చేశాడు. నిర్వాహకులు తిరస్కరించారు. అతని క్లబ్బుతో వారికి ఒక పాత తగాదా ఉంది, అది ఒక కారణం. అతడు ఒకప్పుడు ఇటుకలు పేర్చే మేస్త్రీగా పనిచేశాడన్నది మరొక కారణం. అదే ఏడు ఒలింపిక్స్‌లో కెల్లీ ఒంటరి పడవలో బంగారు పతకం గెలిచాడు. ఓడించినది ఎవరిని? హెన్లీలో ఆ ఏడు అదే పోటీ గెలిచిన ఇంగ్లీషువాడు బెరెస్‌ఫర్డ్‌ను, అదీ ఒక్క సెకను తేడాతో. ఆ తర్వాత అరగంటకే తన బంధువుతో కలిసి జంట పడవలో మరొక బంగారు పతకం తెచ్చుకున్నాడు. ఇరవై ఏడేళ్లకు, 1947లో, ఏ హెన్లీ తండ్రిని కాదన్నదో అదే హెన్లీలో కొడుకు గెలిచాడు.

1936లో ఆస్ట్రేలియానుంచి వచ్చిన ఎనిమిదిమంది జట్టును కూడా హెన్లీలో ఆడనివ్వలేదు. వారు పోలీసులు గనుక శ్రామికులేనన్నారు. లోకమంతా తప్పుపట్టిన తర్వాత, 1937లో, చేతిపనివారిని వెలివేసే నియమాన్ని తొలగించారు. మన దేశానికి ఈ ఆట తెల్లవారితోనే వచ్చింది. కలకత్తా రోయింగ్ క్లబ్బు 1858లో, మద్రాసు బోట్ క్లబ్బు 1867లో ఏర్పడ్డాయి. అవి ఆనాడు తెల్లదొరల ఉదయపు వినోదానికి స్థలాలు. మన భారత రోయింగ్ సమాఖ్య ఏర్పడినది 1976లో.

ఇది చదివినప్పుడు మాకు ధర్మవరం పెద్దాయన మాట గుర్తొచ్చింది. దుడ్డిచ్చి కూలి చేస్తాడా అన్నారు ఆయన. కూలి చేసేవాడు ఆడరాదన్నారు ఆ దొరలు. ఆ రెండు మాటలూ ఎదురెదురు దిక్కులనుంచి బయలుదేరినా చేరేది ఒక్కచోటికే. చేతులతో బతికే ఇంటి పిల్లవానికి కూలి తప్ప మరో ఉదయం లేదన్న చోటికి. దొరలు గర్వంతో ఆ తలుపు మూశారు. మనం బీదతనపు భయంతో లోపలినుంచి గడియ పెడుతున్నాము.

చేతిపనిని నీచంగా చూడటం మన ధర్మంలో లేదు. హజ్రత్ దావూద్ (అలైహిస్సలాం) రాజై ఉండి కూడా తన చేతి కష్టంతోనే తిన్నారని, హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం) వడ్రంగి పని చేశారని మనం పిల్లలకు చెబుతూనే ఉన్నాము. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తమ సతీమణి హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా)తో పరుగు పందెం వేసుకున్నారని, ఒకసారి ఆమె, మరొకసారి ఆయన గెలిచారని కూడా ఉల్లేఖనాలలో ఉంది. శ్రమకూ గౌరవం ఉంది, ఆటకూ చోటు ఉంది.

ఎండిన నేలనుంచి వచ్చినవారు

నీళ్లు లేని సీమవారికి ఈ ఆట ఎందుకన్న ప్రశ్నకు జవాబు మన దేశపు చరిత్రలోనే ఉంది. 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో ఒంటరి పడవలో గెలిచి, రోయింగ్‌లో మన దేశానికి తొలి ఆసియా బంగారు పతకం తెచ్చిన బజరంగ్ లాల్ తాఖర్ రాజస్థాన్ వాసి. దత్తు భొకనళ్‌ది నాసిక్ జిల్లాలోని తళేగావ్ రోహి అనే కరువు గ్రామం. తండ్రితో కలిసి బావులు తవ్వే కూలి పనిచేశాడు. తండ్రి మరణించిన తర్వాత 2012లో సైన్యంలో చేరి, అక్కడే మొదటిసారి ఈ పడవను చూశాడు. నాలుగేళ్లకే రియో ఒలింపిక్స్‌లో ఒంటరి పడవలో పదమూడవ స్థానంలో నిలిచాడు. 2018 ఆసియా క్రీడలలో నలుగురి పడవలో బంగారు పతకం గెలిచిన జట్టులో ఉన్నాడు. నీటికోసం భూమిని తవ్విన చేతులే నీటిమీద గెలిచాయి.

ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున మొదటిసారి తెడ్డు పట్టినది 2000 సంవత్సరంలో సిడ్నీలో. కాసం ఖాన్, ఇందర్‌పాల్ సింగ్ అనే ఇద్దరు ఒకే పడవలో కూర్చున్నారు. అనేక సంవత్సరాలు భారత జట్టును తీర్చిదిద్ది, 2005 ద్రోణాచార్య పురస్కారం పొందిన శిక్షకుని పేరు ఇస్మాయిల్ బేగ్. మన పిల్లలకు ఈ పేర్లు కూడా తెలియాలి.

అయితే వీరిలో చాలామంది సైనికులు. సాధన వారి ఉద్యోగంలో భాగం. మా విద్యార్థివంటివారి సంగతి వేరు. వారి పేర్లు ఏ పత్రికలోనూ రావు. కానీ వీరు లేకుండా వారు లేరు. చందాలు కట్టి పడవలను నిలబెట్టేది, కొత్తవారికి తెడ్డు పట్టడం నేర్పేది, పందెంనాడు ఒడ్డున గడియారం పట్టుకొని నిలబడేది ఈ సామాన్యులే.

చెరువు కూడా నిలబడాలి. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలలో పడవ పందేలు జయపురం దగ్గరి రామ్‌గఢ్ చెరువులో జరిగాయి. ఆసియా క్రీడలలో ఈ ఆటకు అదే ఆరంభం. నేడు ఆ చెరువు వట్టి మైదానం. నీరు వచ్చే వాగులకు అడ్డుకట్టలు, ఆక్రమణలు పెరిగి అది ఎండిపోయింది. మన ఊళ్లలో చెరువులకు నీరు తెచ్చే వంకలు పూడ్చి ఇళ్లు కట్టుకొనేవారు ఈ కథను ఒకసారి మననం చేసుకోవాలి.

హద్దులు

ఇదంతా చెప్పిన తర్వాత, ఆటలో పడి అన్నీ వదిలేయమని మేము చెబుతున్నామని ఎవరూ అనుకోకూడదు. ఏ మంచికైనా హద్దు ఉంటుంది. నమాజు వేళను మింగే ఆట ఆట కాదు. తల్లిదండ్రుల మందుల డబ్బుతో చందా కట్టేవాడు క్రీడాకారుడు కాడు. పందెంపై డబ్బు కాయడం జూదమే, దానికి ఏ పేరు పెట్టినా. దేహాన్ని చూపించుకొనే వ్యామోహంలో పడకూడదు. మా విద్యార్థి విషయంలో ఈ ప్రశ్నలన్నీ ఒక్కొక్కటిగా అడిగాము. నెలజీతంలో ఇంటికి పంపేది మొదట తీసిపెడతాడు, చందా తర్వాత. చెల్లెలి పెళ్లికి విడిగా దాస్తున్నాడు. రమజానులో సాధన తగ్గించి, ఇఫ్తారుకు ముందు కాసేపు మెల్లగా చేస్తాడు. మాకు తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

ఆడపిల్లల మాట కూడా అడగవలసినదే. 1976 నుంచి ఒలింపిక్స్‌లో స్త్రీలకు ఈ పోటీలు ఉన్నాయి. మన ఇళ్లలోని ఆడపిల్లలందరూ చెరువుకు పోలేకపోవచ్చు. కానీ నేలమీద కూర్చుని తెడ్డు లాగినట్టే కసరత్తు చేసే యంత్రాలు ఇప్పుడు వ్యాయామశాలలలో ఉన్నాయి. స్త్రీలకు విడిగా వేళలున్న చోట పంపవచ్చు. ఈత నేర్పించడం మాత్రం కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా అవసరం. నీటికి ఆడ, మగ తేడా తెలియదు.

మళ్లీ ధర్మవరం

హైదరాబాదునుంచి తిరిగివస్తూ ధర్మవరంలో దిగాము. పెద్దాయన ఇంట్లో మగ్గం గుంటలో కూర్చుని ఉన్నారు. కాళ్లు కింద కర్రలు తొక్కుతున్నాయి, చేతిలో నాడె ఇటూ అటూ పరుగెత్తుతున్నది. మమ్మల్ని చూసి లేవబోయారు. వద్దని, పక్కనే చాపమీద కూర్చున్నాము.

మొదట మా తప్పు ఒప్పుకున్నాము. చూడకుండా మందలించామని చెప్పాము. ఆ తర్వాత ఒడ్డున ఫోనులో తీసుకున్న వీడియో చూపించాము. కళ్లజోడు సవరించుకొని ఆయన మొదటినుంచి చివరిదాకా చూశారు. మళ్లీ పెట్టమన్నారు. రెండోసారి చూస్తుండగా ఆయన కాళ్లు తెలియకుండానే గుంటలో కదిలాయి.

"వీడు కాళ్లతోనే తోల్తాండాడే! మగ్గం తొక్కినట్టుంది," అన్నారు.

"అవును. మీ కాళ్లే" అన్నాము.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అందరూ ఎనక్కి తిరిగి కూసున్నారే, ముందర ఏముందో ఎట్ల తెలుస్తాది సాబ్?" అని అడిగారు. చుక్కాని పట్టేవాడు చెబుతాడని వివరించాము. తల ఊపారు. నలభై ఏళ్లుగా పట్టుచీర నేసినవారు ఆయన. తాను నేసిన చీర ఏ ఇంటికి పోయిందో, ఎవరు కట్టుకున్నారో ఆయనకూ ఎన్నడూ తెలియలేదు.

"కప్పు రాలేదు గదా ఇంకా?" అన్నారు చివరికి.

"రాలేదు. రాకపోవచ్చు కూడా."

"పోనీలే" అని నాడె చేతికి తీసుకున్నారు. "ఫజ్ర్ మాత్రం తప్పగూడదని జెప్పండి."

ఆ సాయంత్రం ఫోను చేసి మా విద్యార్థికి ఆ ఒక్క మాటే చేరవేశాము. అతడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ప్రియ పాఠకులారా! మీ ఇంట్లో కూడా ఇలాంటి బిడ్డ ఉండవచ్చు. తెల్లవారకముందే లేచి పరుగెత్తేవాడో, క్యారమ్ బోర్డు దగ్గర కూర్చునేవాడో, అందమైన అక్షరాలు రాస్తూ కాగితాలు నింపేదో. దానివల్ల రూపాయి రాదు, పతకం రాదు. మానేయమని చెప్పే ముందు ఒక్క ఉదయం వెళ్లి చూడండి. హద్దు దాటితే చెప్పండి, దాటకపోతే దుఆ చేయండి. ఊరిలో చెరువు నిండిన ఏడు, పిల్లలకు ఈత నేర్పే పెద్దవాడెవరైనా ఉంటే వేడుకొని పిలవండి. అల్లాహ్ మన బిడ్డల శ్రమను వృథా పోనివ్వకుండు గాక. చూడకుండా తీర్పు చెప్పే తొందరపాటునుంచి మనందరినీ కాపాడు గాక. ఆమీన్.